కుడిపక్క పువ్వు

హోసూరులో మా కంపెనీలో ఏడాదికోసారి అందరికీ ఎక్స్‌రే తీస్తారు. నేను పనిచేసేది గ్రైండింగ్ సెక్షన్‌లో, ఇనుప ధూళి మధ్య, కాబట్టి మాకు తప్పనిసరి. ఇన్నేళ్ళూ తీయించుకుని వచ్చేయడమే తప్ప దాని గురించి ఎవరూ ఒక్క మాట అన్నది లేదు. ఆ ఏడాది మాత్రం కంపెనీ డాక్టరు నన్ను మిషన్ దగ్గరి నుంచి పిలిపించి, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. మా దగ్గర కార్మికుణ్ణి కూర్చోమన్నారంటే అది మంచి కబురు కాదు. నేను నిలబడే ఉన్నాను.

కుడి ఊపిరితిత్తిలో మచ్చలాగా ఏదో కనబడుతోందని, కృష్ణగిరి వెళ్ళి స్కాన్ తీయించుకోమని చెప్పాడు. దగ్గు ఉందా అని అడిగాడు. హోసూరులో దగ్గు లేనివాడు ఎవడున్నాడో చూపించండి అన్నాను. భయం వేస్తే నాకు ముందు కోపం వస్తుంది. బీడీ మానేసి చాలా ఏళ్ళయిందని కూడా అన్నాను, అతను అడగకుండానే.

కృష్ణగిరిలో స్కాన్ తీశారు. వీపులోంచి సూది గుచ్చి చిన్న ముక్క తీశారు. అది క్యాన్సరేనని చెప్పిన రోజు నేనూ నా భార్యా బస్సులో హోసూరుకు తిరిగి వస్తున్నాం. గురుబరపల్లి దాటాక ఆమె కిటికీలోంచి చూస్తూ, "టమోటాలు బాగా కాసినాయి" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఎదలో గడ్డ ఉందని తెలిసి గంట కాలేదు, ఈమెకు టమోటాలు కావాలా అనుకున్నాను. బస్సు దిగేటప్పుడు చూస్తే, ఆమె గుప్పిట్లో టికెట్లు నలిగి నలిగి పొడి అయిపోయాయి. కండక్టరు అడిగితే చూపించడానికి ఏమీ లేదు.

హోసూరులో మేము వెళ్ళిన క్యాన్సర్ డాక్టరమ్మ తెలుగు, తమిళం కలిపి మాట్లాడేది. తొలి దశలోనే దొరికిందని, కోసి తీసేయవచ్చని చెప్పింది. నా ప్రాణం కొంచెం కుదుటపడింది. "ఎప్పుడు కోస్తారు?" అన్నాను. "ఇప్పుడే కాదు. ముందు మందు ఎక్కిస్తాం. మూడు వారాలకొకటి, మొత్తం మూడు. ఆ తర్వాతే ఆపరేషన్" అంది.

ఆ మాటతో ఆ కాస్త ధైర్యమూ పోయింది. ఇంట్లో పాము దూరిందని తెలిశాక, ముందు రెండు నెలలు దానికి సాంబ్రాణి వేద్దాం, తర్వాత పట్టుకుందాం అన్నట్టుంది నాకు. ఉన్నదాన్ని తీసి పారేయక ఎందుకీ ఆలస్యం అని గట్టిగానే అడిగాను. డాక్టరమ్మ విసుక్కోలేదు. కీమోతో పాటు ఇమ్యునోథెరపీ అనే మందు ఇస్తారట. అది గడ్డను నేరుగా చంపదట. మన రక్తంలో కాపలా కాసే కణాలు ఉంటాయి, క్యాన్సర్ వాటి కళ్ళు కప్పి దాక్కుంటుంది, ఈ మందు ఆ కళ్ళు తెరిపిస్తుంది అని చెప్పింది. గడ్డ లోపల ఉండగానే మందిస్తే, దాన్ని చూసి ఆ కణాలు శత్రువు ఎవరో నేర్చుకుంటాయట. గడ్డ తీసేశాక ఎక్కడైనా రవ్వంత మిగిలినా పట్టుకుంటాయట.

నేను పుట్టింది జవళగిరిలో, గొర్రెలు కాసే ఇంట్లో. కాబట్టి నాకు అది కుక్కల భాషలోనే అర్థమైంది. తోడేలు వాసన కుక్కకు పట్టించాలంటే తోడేలు ఉన్నప్పుడే పట్టించాలి. అర్థమైతే అయింది కానీ, రాత్రి పక్కకు ఒత్తిగిలినప్పుడల్లా తోడేలు నా పక్కటెముకల మధ్యనే ఉంది కదా అన్న ఆలోచన వచ్చి, మళ్ళీ వెల్లకిలా తిరిగేవాణ్ణి.

మొదటి మందు ఎక్కించిన రోజు నర్సమ్మ నా భార్యను పక్కన కూర్చోబెట్టుకుని తమిళంలో ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఈ మందుకు కాపలా కణాలు మరీ చురుకెక్కి సొంత ఒంటి మీదికే తిరగవచ్చు. దద్దుర్లు వచ్చినా, బేదులు అయినా, ఆయాసం వచ్చినా, చిన్నదే కదా అని ఊరుకోకుండా వెంటనే ఫోన్ చేయాలి. నా భార్య ఆస్పత్రి నంబరును తన ఫోన్‌లో ఎక్కించుకుంది. ఆమె గులాబీ తోటలో, ఆ ప్లాస్టిక్ పందిళ్ళ కింద పూలు కోసే పని చేస్తుంది. ముళ్ళు గుచ్చుకున్న వేళ్ళతో ఆ నంబరు నొక్కుతుంటే నాకు జాలి వేసింది. నర్సమ్మ చెప్పేది నేను సగమే విన్నాను. సీసాలోంచి చుక్క చుక్కగా దిగేదాన్ని చూస్తూ, నీ పని నువ్వు సరిగ్గా చెయ్యి తల్లీ అని దండం పెట్టుకుంటున్నాను.

మొదటిది బాగానే గడిచింది. కొద్దిగా జుట్టు రాలింది, నోట్లో రుచి పోయింది. రెండోది ఎక్కించుకున్నాక సెలవు పెట్టి జవళగిరిలో మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. అడవి పక్కన గాలి బాగుంటుందని సాకు. అసలు సంగతి ఏమిటంటే, యాభై ఏళ్ళు వచ్చినా భయం వేస్తే నాకు మా అమ్మ కావాలి. ఆమె ఇప్పటికీ నాలుగు గొర్రెలను పెట్టుకుని ఒక్కతే ఉంటుంది. ఊపిరితిత్తిలో గడ్డ, మందిచ్చి తర్వాత తీసేస్తారు అని మాత్రమే ఆమెకు చెప్పాను. ఆ జబ్బు పేరు చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు.

వెళ్ళిన కొన్ని రోజులకు ఒక పొద్దున ఎద మీద దురద మొదలైంది. మధ్యాహ్నానికి వీపు, పొట్ట, చేతులు అంతా ఎర్రగా పొక్కింది. ఒళ్ళు వెచ్చగా ఉంది. గొర్రెలకు ఆకు వేస్తున్న అమ్మ నన్ను చూసి, చేతిలో కొమ్మను అక్కడే వదిలేసింది.

"చొక్కా ఇప్పప్పా" అంది. విప్పాను. ఆమె చేతులు రెండూ జోడించింది. నాకు కాదు, నా ఒంటి మీద ఉన్నదానికి.

"తల్లి వచ్చినాది" అంది.

"అది మందుకు వచ్చిండేది మా. ఇట్ల వస్తాదని ఆస్పత్రిలో చెప్పినారు."

"సుమ్మనే ఉండు. తల్లి ఇంట్లో ఉన్నప్పుడు మందు మాట ఎత్తకూడదు."

మా వైపు అమ్మవారు పోసిందంటే అది జబ్బు కాదు, రాక. మారెమ్మ ఇంటికి చుట్టంగా వచ్చినట్టు. గుమ్మానికి వేపాకు కడతారు. తాలింపు వేయరు, తల దువ్వుకోరు, ఇంట్లోవాళ్ళు ఊరు దాటరు. మాత్ర మింగకూడదు, సూది అసలే పడకూడదు. సూది పడితే తల్లికి కోపం వచ్చి బయటికి రావలసింది లోపలికి పోతుందంటారు. తల్లి శాంతించాక వేపాకు, పసుపు కలిపిన నీళ్ళు తలకు పోసి సాగనంపుతారు. మా అమ్మ చకచకా అన్నీ చేసేసింది. నా ఫోన్ కూడా తీసి బియ్యం డబ్బా మీద పెట్టేసింది. వేపాకుల మీద పడుకోబెట్టి, రాగి అంబలి తాగించింది.

నేనెందుకు ఊరుకున్నానని ఎవరైనా అడగవచ్చు. నాకంటే ముందు మా అమ్మకు ఒక కొడుకు పుట్టాడు. అతనికి అమ్మవారు పోసినప్పుడు మా నాయన మాట వినక ఎత్తుకెళ్ళి సూది వేయించాడు. బిడ్డ ఇంటికి తిరిగి రాలేదు. అప్పటినుంచి ప్రతి మంగళవారం మా అమ్మ మారెమ్మ రాతికి నీళ్ళు పోసి క్షమించమని అడుగుతూనే ఉంది. నేను ఆ మంగళవారాల మధ్యే పెరిగాను. మిషన్ మీద మైక్రాన్ల లెక్కన ఇనుము అరగదీసే మనిషిని, నాకు ఇలాంటివి నమ్మకం లేదని క్యాంటీన్‌లో గొప్పలు చెప్పేవాణ్ణి. ఆ వేపాకుల మీద పడుకున్నప్పుడు నాకు డాక్టరమ్మ చెప్పింది నిజమే అనిపించింది, అమ్మ చెప్పిందీ నిజమే అనిపించింది. ఎటు కదిలినా చస్తానని అనిపించింది.

మర్నాడు బేదులు మొదలయ్యాయి. కడుపులో మెలిపెట్టి తిప్పుతున్నట్టు నొప్పి. పెరటి గోడ పట్టుకుని పోతూ వస్తూ ఉన్నాను. తల్లి ఒంట్లో వేడిని బయటికి తోస్తోందని అమ్మ మజ్జిగ ఇచ్చింది. నేను ఫోన్ ఎత్తకపోయేసరికి నా భార్య పని మధ్యలో వదిలేసి, తోటలో వేసుకునే పొడుగు చేతుల చొక్కాతోనే బస్సెక్కి వచ్చేసింది. గుమ్మానికి వేపాకు చూసి బయటే ఆగిపోయింది. బయటినుంచి వచ్చినవాళ్ళు నేరుగా లోపలికి రాకూడదు. కిటికీలోంచి నన్ను చూసి, అక్కడే నిలబడి నర్సమ్మకు ఫోన్ చేసింది. తర్వాత మా అమ్మతో అంది:

"అత్తా, ఇప్పుడే పిలుచుకొని రమ్మన్నారు. ఒక్క పూట గూడా ఆగకూడదంట."

"తల్లి ఒంటి మీద ఉండంగా యాడికి పిలుచుకొని పోయేది? సూది పడితే ఏమైతాదో నీకు తెల్దు. నాకు తెలుసు."

"ఇది తల్లి కాదత్తా. వాళ్ళు ఎక్కించిన మందు చేసిండే పని."

"అదే ఆస్పత్రి వాళ్ళు చేసిండే పనైతే, మళ్ళీ వాళ్ళ దగ్గరికే ఎందుకు తీసుకొని పోతావమ్మా?"

నా భార్య కిటికీ ఊచలు పట్టుకుని, "మీరు చెప్పండి. మీరు పోదామంటే నేను ఎత్తుకొని అయినా పోతాను" అంది. ఇద్దరు ఆడవాళ్ళూ నా ముఖంలోకే చూస్తున్నారు. నేను మళ్ళీ పెరట్లోకి పరుగెత్తాను. ఈసారి రక్తం కనబడింది. అరిచాను. ఇద్దరికీ వినబడేలా అరిచాను.

అమ్మ పెరటి గుమ్మం దాకా వచ్చి చూసింది. తర్వాత కొంగు బిగించుకుని, "మారెమ్మను అడిగొస్తాను. కుడిపక్క పువ్వు ఇచ్చిందంటే పోదాం. లేదంటే నా కొడుకు ఈడనే ఉంటాడు" అని వెళ్ళిపోయింది.

పువ్వు అడగడమంటే మా వైపు మారెమ్మతో మాట్లాడడమే. రాతికి నీళ్ళు పోసి, తడిగా ఉండగానే తల మీద రెండు పక్కలా పువ్వులు అంటించి, మనసులో మాట చెప్పుకుని నిలబడాలి. కుడిపక్క పువ్వు దానంతటదే జారి పడితే సరేనని. ఎడమపక్కది పడితే వద్దని. పెళ్ళిళ్ళు, పొలం బేరాలు, గొర్రెల మందను ఏ వైపు తోలాలన్నదీ అన్నీ ఆ రాతి దగ్గరే తేలుతాయి. ఒక్కోసారి వెంటనే పడుతుంది. ఒక్కోసారి పూటంతా నిలబడాలి. పడకపోతే తల్లి ఇంకా ఆలోచిస్తోందని ఇంటికి వెళ్ళి మళ్ళీ రావాలి. ఇన్నేళ్ళలో మా అమ్మ ఆ మాట దాటి ఒక్క అడుగు వేయలేదు.

నా భార్య గుమ్మం బయట కూర్చుని మారెమ్మను, నన్ను, తోట మేస్త్రీని, అందరినీ కలిపి తిట్టసాగింది. తిడుతూ ఏడ్చింది. నేను గోడకు ఆనుకుని, ఒక పువ్వు ఏ పక్కకు పడుతుందన్న దాని మీద నా బతుకు ఉందని లెక్క వేసుకుంటున్నాను. ఎడమపక్కది పడితే ఏం చేయాలో నాకు తెలియదు. అంత భయం నేను జన్మలో ఎరగను. క్యాన్సర్ అన్నప్పుడు కూడా ఎరగను.

అమ్మ తొందరగానే వచ్చింది. దాదాపు పరుగెత్తుతూ వచ్చింది. గుప్పిట విప్పి ఎర్ర గన్నేరు పువ్వు చూపించింది.

"ఇచ్చింది. కుడిపక్కే. లెయ్యప్పా, పోదాం పా."

పాల వ్యాన్ అతన్ని బతిమాలి ఎక్కాం. తళి రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా నా కడుపులో కత్తి దిగినట్టుండేది. అమ్మ ఒక వేపమండ పట్టుకుని నా కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆస్పత్రిలో డాక్టరమ్మ చూసి, పేగు వాచిందని, ఇంకా ఆగి ఉంటే చిల్లు పడేదని చెప్పింది. స్టెరాయిడ్ ఎక్కించాలంది. సూది గుచ్చేటప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే అమ్మ నా పాదం పట్టుకుని, రెప్ప వేయకుండా ఆ సూదినే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి. మారెమ్మ సరే అన్నాక ఇంక భయమేముంది ఆమెకు అనుకున్నాను. నాకు ఈర్ష్య కూడా కలిగింది.

కాస్త తేరుకున్నాక ఏం జరిగిందో ఆమెకు చెప్పాను. "మన కుక్క మన గొర్రెనే కరిచినట్టు మా. ఇప్పుడు కట్టేసేదానికి మందిస్తా ఉండారు."

ఆమె, "కట్టేస్తే తోడేలును ఎవరు చూస్తారు?" అంది.

సరిగ్గా అదే నా భయం. మూడో మందు ఇక వద్దన్నారు. మళ్ళీ ఇస్తే పేగు తట్టుకోదట. రెండుతో సరిపోతుందా అంటే, డాక్టరమ్మ సరిపోతుందని చెప్పలేదు, సరిపోదనీ చెప్పలేదు. స్టెరాయిడ్ మెల్లమెల్లగా తగ్గిస్తేగానీ ఆపరేషన్ చేయరట, అది ఒంట్లో ఉంటే కోసిన పుండు మానదని. అనుకున్న రోజు వెనక్కి పోయింది. ఇంట్లో కూర్చుని, మూడు బంతులున్న ప్లాస్టిక్ బుడ్డిలో ఊపిరి పీల్చడం ప్రాక్టీసు చేసేవాణ్ణి. గట్టిగా పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. మూడోది లేవని రోజు నా భార్య వంటింట్లోంచి, "ఏం, బంతికి గూడా మీ మీద కోపమా?" అనేది. నవ్వితే అది అసలే లేచేది కాదు. నవ్వాక మళ్ళీ భయం వచ్చి కూర్చునేది.

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం నర్సమ్మ ఒక సీసా ఇచ్చి, దానితో ఒళ్ళంతా రుద్దుకుని తలస్నానం చేయమంది. క్రిములు పోవడానికి. అమ్మ ఆ సీసా నా చేతిలోంచి తీసుకుంది. "ఆ పొద్దు తల్లికి నీళ్ళు పోసి పంపించలేదు. నేనే పోస్తాను" అంది. నడుముకు టవలు కట్టుకుని ఆస్పత్రి బాత్రూంలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. ఆమె కొంగున ముడి వేసి తెచ్చిన పసుపు వేపాకును బకెట్లో కలపబోతే, నర్సమ్మ వద్దంది. అమ్మ మారుమాట లేకుండా ముడి మళ్ళీ వేసేసుకుంది. ఆ సీసాలోదానితోనే రుద్ది, చెంబు చెంబుగా పోసింది. ఆమె అంత సులువుగా ఒప్పుకోవడం నాకు వింతగా తోచింది. ఆమె పోస్తున్న నీళ్ళు సగం గోడ మీదికి పోతున్నాయి.

ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేశారు. పక్కటెముకల దగ్గర గొట్టంతో, దగ్గితే ప్రాణం పోయే నొప్పితో కొన్నాళ్ళు పడి ఉన్నాను. తీసిన ముక్క పరీక్షలో చాలామటుకు చచ్చిపోయిన కణాలేనని, బతికి ఉన్నవి కొద్దిగా మాత్రమేనని తేలింది. రెండు మందులే అయినా బాగా పనిచేశాయని డాక్టరమ్మ సంతోషపడింది. ఇక కొన్ని నెలలకోసారి స్కాన్ తీయిస్తూ ఉండాలంది. స్కాన్ దగ్గర పడేకొద్దీ నాకు అన్నం సయించదు. తీసి, ఏమీ లేదని చెప్పాక రెండు రోజులు బాగుంటాను. తర్వాత రాబోయే స్కాన్ గురించి మొదలవుతుంది.

మొన్న వేసవిలో మారెమ్మ జాతరకు జవళగిరి వెళ్ళాం. ఊళ్ళో ఆడవాళ్ళందరూ పళ్ళేలు పట్టుకుని రాతి దగ్గరికి వెళ్తున్నారు. ప్రతి ఏడాదీ అందరికంటే ముందుండే మా అమ్మ, పళ్ళెం నా భార్య చేతికి ఇచ్చేసి దూరంగా చింతచెట్టు కింద నిలబడిపోయింది. మంగళవారం నీళ్ళు కూడా ఆపేసిందని పక్కింటివాళ్ళు చెప్పారు. నేను ఆమె దగ్గరికి వెళ్ళి, ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

"బాగానే ఉండాను."

"మరి రావేం మా? నన్ను బతికించిన తల్లి గదా. కుడిపక్క పువ్వు ఇచ్చిన తల్లి."

ఆమె జనం వైపే చూస్తూ ఉంది.

"ఏ పక్కా పడలేదప్పా" అంది. "నిలబడినాను, నిలబడినాను, పడలేదు. ఆడ ఇంట్లో నువ్వు రక్తం పోసుకొని పడుండావు. చెయ్యి పెట్టి నేనే పీక్కొని వచ్చేసినాను."

ఆస్పత్రిలో నా పాదం పట్టుకుని ఆమె కదిలించిన పెదవులు గుర్తొచ్చాయి.

"సూది వేస్తా ఉన్నప్పుడు ఏం చెప్పుకున్నావు మా?"

"వాడికి తెల్దు, పీకింది నేను, తీసుకుంటే నన్ను తీసుకో అని." చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు గూడా అదే చెప్తా ఉండాను. నీ స్కాన్ బాగుందని చెప్పినప్పుడంతా, ఇంగ నా వంతు అనుకుంటా ఉండాను."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎండలో నిలబడి ఉన్నా చల్లగా ఉంది. రా మా, ఇద్దరం పోదాం అన్నాను. రాలేదు. నేనూ వెళ్ళలేదు. నా భార్య ఒక్కతే పళ్ళెం ఇచ్చి తిరిగి వచ్చేదాకా ఆ చెట్టు కిందే నిలబడ్డాం.

వచ్చే నెల నాకు మళ్ళీ స్కాన్ ఉంది. బాగుందనే వస్తుందని డాక్టరమ్మకు నమ్మకం. అప్పుడు ఆ మాట మా అమ్మకు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.